డాక్టరు గారి ఫట్‌ఫటి ఎందుకు ఆగింది

డాక్టరు గారి ఫట్‌ఫటి మా బావ పోసిన ఆముదం వల్ల ఆగిపోలేదు. నా వల్ల ఆగింది. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు తల నెరవాల్సి వచ్చింది. మొన్న ఎండాకాలంలో పాలమూరులో ఒక పెండ్లికి వెళితే, పందిట్లో ఒక పెద్దమనిషి తన చుట్టూ నలుగురిని కూర్చోబెట్టుకుని పాత రోజుల ముచ్చట్లు చెబుతున్నాడు. నిజాం జమానాలో, జర్మనీ లడాయి నడుస్తున్నప్పుడు, ఈ ఊళ్లో ఒక మేస్త్రి ఉండేవాడట. మోటారు సైకిలుకు ఆముదం తాగించాడట. దానికి విరేచనాలు పట్టుకుని నడితొవ్వలో కూలబడితే ఎడ్లను కట్టి గుంజుకొచ్చారట. ఆముదం మేస్త్రి అనేవాళ్లం వాణ్ణి అని ఆయన అనగానే అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో మా బావ కొడుకు సుందరం కూడా ఉన్నాడు. ఆ మేస్త్రి తన తండ్రేనని అక్కడ ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండాలనే వాడు కూడా నవ్వాడు. నేను వాడి పక్కనే చాయ్ కప్పు పట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు ఒకసారి నోరు మూసుకున్నవాణ్ణి, ఆ రోజు కూడా మూసుకున్నాను.

మాది నల్లగొండ జిల్లాలో కేతేపల్లి దగ్గర ఒక పల్లె. మా నాయిన తోలు పని చేసేవాడు. బావుల మీద మోట కొట్టే రోజులవి. మోట బొక్కెన కుట్టాలంటే మా నాయినే కుట్టాలని చుట్టుపక్కల ఊళ్ల రైతులు వచ్చి వాకిట్లో కూర్చునేవాళ్లు. మా ఇల్లంతా ఆముదం వాసన. తోలుకు ఆముదం, చెప్పులకు ఆముదం, దీపానికి ఆముదం, మా తలలకూ అదే ఆముదం. నూనె పట్టని తోలు, పలకరింపు లేని మనిషి ఒకటే, రెండూ పగులుతయి అనేవాడు నాయిన. దసరా నాడు ఆయన తన పనిముట్లను, ఆరెను, రంపెను, గూటాన్ని కడిగి, వాటికి ఆముదం రాసి, పసుపూ కుంకుమా పెట్టి, ముందర కూర్చుని చాలాసేపు మొక్కేవాడు. ఆ రోజు వాటిని పనికి ముట్టేవాడు కాదు. మనకు అన్నం పెట్టేదాన్ని ఏడాదికి ఒక్కనాడన్నా మనం చూసుకోవాలె అనేవాడు. నాకు తెలిసిన భక్తి అంతా అదే. ఏది మనదో దానికి ఆముదం రాయాలి.

మా అక్కను పాలమూరు వైపు జంగయ్యకు ఇచ్చారు. ఆయన తండ్రి ఒక దొర దగ్గర జీతగాడు. ఆయన్నూ ఆ జీతానికే పెట్టబోతే పారిపోయి మిషన్ వాళ్ల దగ్గర చేరాడు. అక్కడ దీపాలు తుడిచాడు, నీళ్ల ఇంజను నడపడం నేర్చాడు, బాప్తిస్మం తీసుకుని జాకబు అయ్యాడు. పెండ్లయిన రెండో ఏడు మా బాలమ్మక్క కూడా రూతమ్మ అయింది. నాయిన దానికి కోపగించుకోలేదు. పేరు ఏదైతేనేం, పిల్ల కడుపు నిండుతుందా అని మాత్రం అడిగాడు. నిండింది. ఎందుకంటే అప్పటికి బావ పాలమూరులో ఒక డాక్టరు గారి దగ్గర కుదురుకున్నాడు. ఆయన సొంతంగా వైద్యం చేసేవాడు. ఊరూరా తిరగడానికి, పక్కన ఒక మనిషి కూర్చునే తొట్టి బిగించిన ఒక ఫట్‌ఫటి కొన్నాడు. దాన్ని నడిపేదీ బావే, బాగు చేసేదీ బావే. మా వైపు మనుషుల్లో అలాంటి బండి మీద కూర్చున్నవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. డాక్టరు గారు మాత్రం చివరి దాకా ఆయన్ని జంగయ్య అనే పిలిచారు.

పాలమూరు హైస్కూల్లో చదువుకోవడానికి నాయిన నన్ను అక్క ఇంట్లో దించాడు. అక్క ఇల్లంటే డాక్టరు గారి ఇంటి వెనక ఒక్క గది, దాని గోడకు ఆనుకుని బండి పెట్టుకునే రేకుల కొట్టం. పొద్దున అక్క జొన్నరొట్టె కొట్టే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. రొట్టె కాలే వాసన ఒకవైపు, కొట్టంలో నుంచి పెట్రోలు వాసన ఒకవైపు. ఈ రెండూ కలిసిన వాసన తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు. బావ పని అయ్యాక చేతులకు బూడిద, చింతపండు వేసి తోముకుంటే తప్ప పళ్లెం ముందు కూర్చునేవాడు కాదు. తిన్న తర్వాత బైబిలు తీసి, అక్షరాల మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేవాడు. బడిలో నా చదువంతా ఉర్దూలోనే. హైస్కూలు చదువుతున్న నాకు తెలుగు చదవడం సరిగా వచ్చేది కాదు. నీళ్ల ఇంజను దగ్గర తెలుగు నేర్చుకున్న ఆయన నాకు చదివి వినిపించేవాడు. ఏం పిల్లగా, సర్కారు బడి సార్లు నీకు మీ అమ్మ మాట్లాడే మాట నేర్పలేదా అని నవ్వేవాడు. నేను ఇవాళ తెలుగులో నాలుగు మాటలు రాసుకోగలుగుతున్నానంటే అది ఆయన వేలి వెంట చూపు కదిపి నేర్చుకున్నదే.

బండి గురించి కొంచెం చెప్పాలి. దానికి బ్యాటరీ లేదు. ఇంజను పక్కన మాగ్నెటో అని ఒక గుండ్రటి డబ్బా ఉండేది. ఇంజను తిరుగుతుంటే అందులో కరెంటు పుడుతుంది. డబ్బా చివర ఒక మూత, మూత కింద గోరంత మొనలు రెండు. వాటిని పాయింట్లు అంటారు. అవి కలుస్తూ విడిపోతూ ఉంటే, విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పడి పెట్రోలు అంటుకుంటుంది. ఆ మొనల మీద దుమ్ము పడినా, తడి చేరినా రవ్వ రాదు, బండి కదలదు. బండి మొరాయించినప్పుడు బావ ముందు ప్లగ్గు విప్పి ఇంజను మీద పడుకోబెట్టేవాడు. మన పాలమూరు ఎండలో ఆ రవ్వ కంటికి ఆనదు. అందుకని గొంగడి తెచ్చి తలమీద నుంచి ఇంజను మీదికి కప్పుకుని, ఆ చీకట్లో కూర్చుని, తన్ను అనేవాడు. నేను కిక్కు తన్నేవాణ్ణి. నీలం రవ్వ వస్తే కరెంటు మంచిగుంది, జబ్బు ఇంకెక్కడో ఉన్నట్టు. ఎర్ర రవ్వ వస్తే మాగ్నెటోలో లోపం. గొంగడిలో నుంచి నీలం, నీలం అని ఆయన గొంతు వినిపించినప్పుడు నాకు ఏదో గెలిచినట్టు ఉండేది. బండి పానం ఈడుంటది అని ఆ మూతను చూపించి, దాన్ని తాను తప్ప ఎవరూ ముట్టవద్దని నాకు మొదటి రోజే చెప్పాడు.

లడాయి ముదిరిన కొద్దీ సామాను రావడం ఆగిపోయింది. పెట్రోలు చీటీల మీద కొద్దికొద్దిగా ఇచ్చేవాళ్లు. ఇంజను నూనె అసలే లేదు. డాక్టరు గారు బండిని మూలకు నెడదామన్నారు. బావకు నిద్ర పట్టలేదు. బండి మూలన పడితే ఆ గది ఎందుకు ఇస్తారు, జీతం ఎందుకు ఇస్తారు. మిషన్‌లో ఉన్నప్పుడు ఒక తెల్లదొర చెప్పగా విన్నాడట, విమానాల ఇంజన్లలో ఆముదమే పోస్తారని. పాలమూరు చెలకల్లో ఆముదాలకేం కొదవ. గానుగాడిన ఆముదాన్ని ఎండలో తేరబెట్టి, మల్లు బట్టలో మళ్లీ మళ్లీ వడగట్టి ఇంజనులో పోశాడు. ఇంజనుకూ మాగ్నెటోకూ మధ్య నూనె దాటి రాకుండా ఒక వాషర్ ఉండేది, అదీ అరిగిపోయింది. దాని కొలత కాగితం మీద గీసి నా చేత నాయినకు పంపితే, నాయిన తోలులో మంచి భాగం చూసి కోసి, చుట్టూ నున్నగా చేసి ఇచ్చాడు. బండి నడిచింది. మునుపటి కంటే మెత్తగా నడిచింది. పొగ కాస్త తియ్యటి వాసన వేసేది. డాక్టరు వస్తున్నాడని చప్పుడు వినబడకముందే ఊళ్లకు వాసన తెలిసేది. డాక్టరు గారు ఇంటికి వచ్చిన పెద్దమనుషులను కొట్టం దాకా తీసుకువచ్చి, విలాయతి బండిని పాలమూరు ఆముదంతో నడిపిస్తున్నానని చూపించేవారు. నడిపిస్తున్నాడని కాదు, నడిపిస్తున్నానని. బావకు దానితో పనిలేదు. బండి కదులుతున్నంత కాలం గది ఉంటుంది.

అక్కకు మాత్రం ఆ బండి అంటే భయం. ఒకసారి వాగు ఇసుకలో బండి పక్కకు ఒరిగి, పొగగొట్టం తగిలి బావ పిక్క కాలింది. ఇనుమును మొక్కకపోతే అది రక్తం అడుగుతుందని మా ఇంట్లో పెద్దలు అనేవాళ్లు. అక్క పేరు మార్చుకుంది కానీ ఆ భయాన్ని ఎక్కడ విడిచిపెట్టాలో ఆమెకు తెలియలేదు. ఆ ఏడు దసరా నాడు బావ ఒక పల్లెలో ప్రార్థన కూటానికి నడిచి వెళ్లాడు. అక్క గబగబా స్నానం చేసి, పక్కింటామె దగ్గర పసుపూ కుంకుమా అడిగి తెచ్చి, కొంగులో దాచుకుని కొట్టంలోకి వచ్చింది. మీ బావకు చెప్పకు తమ్మీ, చర్చి సంగంల తెలిస్తే ప్రభువు బల్ల కాడ రొట్టె ముట్టనియ్యరు అంది. బండి ముందు దీపానికి బొట్టు పెట్టింది, తొట్టికి పెట్టింది, దూరంగా గడప మీద చిన్న ప్రమిద వెలిగించింది. కర్పూరం కూడా వెలిగించబోతే, పెట్రోలు ఉందక్కా అని నేనే ఆపాను. అంత తెలిసినవాణ్ణి నేను.

పొయ్యి మీద కూర మాడుతుందని అక్క లోపలికి పోయింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. మా నాయిన పనిముట్లకు చేసేది గుర్తుకు వచ్చింది. పైపైన బొట్టు పెడితే ఏమవుతుంది, అన్నం పెట్టేది లోపల ఉన్నదే కదా అనిపించింది. మాగ్నెటో మూతకు ఉన్న తీగ కొక్కెం పక్కకు నెట్టి మూత తీశాను. లోపల ఇత్తడి, ఇనుము, ఎంత శుభ్రంగా ఉన్నాయంటే నాకు జాలి వేసింది. పొడిగా, ఎవరూ పట్టించుకోనట్టు కనిపించాయి. ప్రమిద ఆర్పి తెచ్చి, అందులోని ఆముదంలో వేలు ముంచి ఆ మొనల మీద రాశాను. చాలదనిపించి ప్రమిద కొంచెం వంచాను. చేతులు జోడించాను, మూత పెట్టాను. అక్క వచ్చి తడిబట్టతో బొట్లన్నీ తుడిచేసింది. నేను చేసింది ఆమెకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు, మంచి పని చేశాను కదా, చెప్పుకోవాల్సిన అవసరమేముందని.

పండుగ మర్నాడు ఒక దొర గడీ నుంచి మనిషి వచ్చాడు. దొర తల్లికి ఊపిరి ఆడటం లేదు, వెంటనే రావాలని. కంపౌండరు పండుగకు ఊరికి పోయాడు కాబట్టి మందుల పెట్టె పట్టుకుని వెనక కూర్చోమని డాక్టరు గారు నన్ను పిలిచారు. బండి మొదట కొంచెం సతాయించింది. బావ ప్లగ్గు తుడిచాక అందుకుంది. ఊరు దాటి, సీతాఫలం గుట్టలు దాటి, ఒక ఎత్తు ఎక్కుతుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది. చుట్టూ కోసిన జొన్న చేల మొదళ్లు, ఒక్క చెట్టు లేదు. బావ ప్లగ్గు విప్పి, సీటు కింద నుంచి గొంగడి తీసి కప్పుకున్నాడు. తన్నమన్నాడు. తన్నాను. గొంగడిలో నుంచి మాట రాలేదు. మళ్లీ తన్నాను. ఎర్రగ వస్తుంది అన్నాడు. ఇంకోసారి తన్నాక, ఏం లేదు అన్నాడు. ఆ గొంతులో భయం లేదు. పని ఎక్కడుందో తెలిసినవాడి గొంతు. అప్పటికి నాకు ప్రమిద గుర్తుకు వచ్చింది.

ఆయన గొంగడి తీసేసి మాగ్నెటో మూత తెరిచాడు. లోపలంతా నల్లగా, జిగటగా ఉంది. వేలు పెట్టి తీసి వాసన చూశాడు. ఆముదం, అన్నాడు, తనలో తాను. తర్వాత ఇంజను వైపు, వాషర్ ఉండే చోటు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బయటపడేవాణ్ణేమో. తొట్టిలో నుంచి డాక్టరు గారు గొడుగు పట్టుకుని, అక్కడ ఒక ముసలామె దమ్ముకు కొట్టుకుంటుంటే నువ్వు గొంగడి కప్పుకుని ఏం తమాషా చేస్తున్నావు జంగయ్యా అంటున్నారు. బావ పెట్రోలులో గుడ్డ ముంచి మొనలు తుడిచాడు. బండి అందుకుని కొంచెం దూరం పోయి మళ్లీ ఆగింది. మళ్లీ తుడిచాడు. మళ్లీ ఆగింది. ఆముదం పెట్రోలుకు సరిగా లొంగదని, స్పిరిటుకు లొంగుతుందని నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. స్పిరిటు సీసా ఆ రోజు నా ఒళ్లో ఉన్న మందుల పెట్టెలోనే ఉంది. బావకూ ఆ సంగతి తెలియదు. ఇంతలో ఒక రైతు ఎడ్లబండి కట్టుకుని అటువైపు పోతుంటే డాక్టరు గారు పెట్టెతో సహా అందులో ఎక్కి వెళ్లిపోయారు. వెళ్తూ వెనక్కి చూడలేదు.

ముసలామె బతికింది. ఆ రోజు ఎవరూ చావలేదు. బహుశా అందుకే జనం దీన్ని ఇన్నేండ్లు నవ్వుతూ చెప్పుకోగలిగారు. ఎడ్లు తోలుకుపోయే ఒకాయనను బతిమాలి, మోకు కట్టించి, బండిని వెనక్కి లాగించాం. బావ హ్యాండిలు పట్టుకుని కూర్చున్నాడు, నేను వెనక నడిచాను. ఆ రోజు పాలమూరులో అంగడి. కూరగాయల వాళ్లు, గాజుల వాళ్లు, బేరాలు వదిలిపెట్టి చూశారు. ఏమైందంటే ఆముదం కారిందట అని ఎడ్లాయన చెప్పాడు. తమలపాకులు అమ్మే ఒకామె, "ఆముదం తాగిపిస్తె ఏమైతది అయ్యా, కడుపు కడుక్కపోతది గని. జర గంజి తాగిపియ్యుండ్రి" అంది. అంగడి మొత్తం నవ్వింది. ఆముదం మేస్త్రి అన్న పేరు అక్కడే పుట్టింది. బావ కూడా ముందు నవ్వాడు. సగం అంగడి దాటేసరికి నవ్వడం ఆపేశాడు.

కొట్టంలో బండి నిలబెట్టాక, అక్క తలుపు దగ్గర నుంచి కదలకుండా చూస్తూ ఉంది. తర్వాత వచ్చి బావ ముందు కూర్చుని, దసరా నాడు బండికి బొట్టు పెట్టానని, దీపం పెట్టానని, ప్రభువుకు కోపం వచ్చిందని చెప్పి ఏడ్చింది. ఇక బావ ఆమెను ఏమంటాడో అని నేను గోడకు ఆనుకున్నాను. ఆయన నవ్వాడు. పిచ్చిదానా, దీపం అద్దానికి బొట్టు పెడితే ఇంజను ఆగుతదా, దేవునికి గంత పనిలేదా అన్నాడు. అంతే. కోపం లేదు, సంఘం మాట లేదు. అక్కను కాపాడటానికి నోరు మూసుకున్నానని అప్పటి దాకా నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాకు అక్కడితో పోయింది. అప్పుడు బావ నా వైపు తిరిగాడు.

"నర్సిమ్మా, గా మూత నువ్వేమన్న ముట్టినవా?"

"లేదు బావా. బొట్టు పెట్టినం, గంతే."

"నిజమేనా?"

"ముట్టలే బావా."

ఆయన తల ఊపాడు. నమ్మాడు. నమ్మకపోతే బాగుండేది. మనిషి ముట్టకుండా ఆముదం అక్కడికి రావాలంటే దారి ఒక్కటే, ఇంజనులో నుంచి వాషర్ దాటుకుని రావడం. అంటే తాను పోసిన ఆముదం తప్పు, మా నాయిన కోసిన తోలు తప్పు. ఆ మిగిలిన పొద్దంతా ఆయన ఇంజను విప్పుతూనే ఉన్నాడు. వాషర్ తీసి వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. దానిలో ఆయనకు ఏ చిరుగూ కనబడలేదు. కనబడనిదాన్ని కూడా ఉందని అనుకోవాల్సి వచ్చింది. ఎంత దగ్గరగా పెట్టుకుని చూసినా దొరకని లోపాన్ని వెతుకుతున్న ఆ ముఖం నేను మర్చిపోలేదు. నేను పక్కనే దీపం పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు డాక్టరు గారు వచ్చారు. గడీలో దొర మనుషులు కూడా ఆముదం మాట అని నవ్వారట. ఆయన్ను కాల్చింది అదే. నీ తెలివి నమ్మినందుకు నన్ను ఎద్దుల బండి ఎక్కించావు అని ఆ వాషర్ తీసి వాకిట్లో పారేశారు. అంతకు ముందు అది తన తెలివే అని చెప్పుకున్న సంగతి ఆయనకు గుర్తులేదు. బావ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తప్పు తనదేనని నమ్మినవాడు ఏం చెబుతాడు. హైదరాబాదు నుంచి ఒక మేస్త్రి వచ్చి, మాగ్నెటో విప్పి శుభ్రం చేసి, వేరే వాషర్ వేసి, ఎక్కడి నుంచో తెచ్చిన ఇంజను నూనె పోశాడు. బండి నడిచింది. ఇక రుజువు ఏం కావాలి.

పని పోయి గది ఖాళీ చేసేటప్పుడు బావ, వాషర్ సంగతి మామకు చెప్పకు, పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటడు అని నాతో అన్నాడు. నేను చెప్పలేదు. నాకు ఆ పని బాగా వచ్చు. నన్ను ఒక తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచి చదువు ఆగకుండా చూసి, ఆ ఇద్దరూ మట్టి పనికి పోయే మందిలో కలిసి పోయారు. ఎక్కడెక్కడో చెరువు కట్టలు, కాలువలు, ఆనకట్టలు. బండి నడిపిన మనిషి తట్ట మోశాడు. పనుల దగ్గర ఇంజన్లు ఉండేవి, అవి ఆగిపోయేవి. ఎవరైనా పిలిస్తే, నా చెయ్యి మంచిది కాదు అనేవాడట. ఆ పేరు మాత్రం ఆయన కంటే ముందే ఆ పనుల దగ్గరికి చేరేది. సుందరం ఆ గుడిసెల్లోనే పుట్టి, ఆముదం మేస్త్రి కొడుకుగా పెరిగాడు.

అక్క ఇంకో దారి పట్టింది. బావ ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. దేవుడు తన బొట్టుకే శిక్ష వేశాడని ఆమె నమ్మకం. ప్రతి ఏడూ దసరా నాడు అన్నం ముట్టేది కాదు. ఒకసారి ఆ రోజున నేను వాళ్లింటికి వెళ్లాను. నాకు వడ్డించి, తాను పక్కన కూర్చుని, నా చేతులతోనే ఆయన అన్నం తీసిన తమ్మీ అంది. అట్లేం కాదక్కా అన్నాను. ఎట్లా కాదో చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఉన్న పులుసు కలుపుకుని తిన్నాను. అక్క పోయి నాలుగేండ్లు అవుతోంది.

ఇవాళ నేనుండే వీధిలో ప్రతి మలుపుకూ ఒక మెకానిక్ షాపు ఉంది. నా స్కూటరు ఆగితే అక్కడి కుర్రాడు మాట్లాడుతూనే పాయింట్లు గీకి, ప్లగ్గు మార్చి పంపిస్తాడు. చెడిపోయినందుకు ఎవరి పేరూ పోదు. ఏ బంకులోనైనా నూనె దొరుకుతుంది. అప్పుడు అలా కాదు. తాలూకా మొత్తానికి అలాంటి మూత ఒక్కటి, దాన్ని తెరిచే చెయ్యి ఒక్కటి. ఆ చేతిని నేను చెడగొట్టాను. చమురుతో చెడగొట్టానని చాలాకాలం అనుకున్నాను. చమురు ఒక పూట పని, కడిగితే పోయేది. చెడగొట్టింది నా మాట.

పెండ్లి నుంచి వచ్చిన వారానికి హాలియా వెళ్లాను. సాగర్ కాలువ నీళ్లు వచ్చాక బావ వాళ్లు ఆ వైపు కొంచెం భూమి చేసుకుని నిలదొక్కుకున్నారు. నేను వెళ్లేసరికి ఆయన పొలం గట్టు మీద మంచం వేసుకుని పిట్టలను అదిలిస్తున్నాడు. ఏం బామ్మర్ది, దారి తప్పినవా అన్నాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. దసరా, ప్రమిద, మూత, నేను వంచిన చమురు, ఆ రోజు నేను చెప్పిన అబద్ధం. ఆయన వింటూ ఉన్నాడు. పిట్టలు వచ్చి వాలాయి, అదిలించలేదు.

"అయితే ఇంజన్ల నుంచి రాలే" అన్నాడు.

"రాలేదు బావా."

"మామ కోసిన వాషర్ పట్టింది."

"పట్టింది."

"నేను అప్పుడే అనుకున్న. దాంట్ల చిరుగు లేకుండె." ఆయన చేతులు తిప్పి చూసుకున్నాడు. "అప్పుడే చెప్తే ఏమైతుండె నర్సిమ్మా? ఒక చెంపదెబ్బ కొడుదును. కడిగి బిగిద్దును. ఇప్పుడు చెప్తే నేనేం జేసుకోవాలె?"

మీ అక్క ఉన్నప్పుడన్నా వస్తే బాగుండు అని, ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత లేచి, మడిలో ఉన్న సుందరాన్ని కేకేసి పిలిచాడు. వాడు బురద కాళ్లతోనే గట్టెక్కి వచ్చాడు. వెనక వాడి భార్య కూడా వచ్చింది. మీ మామ ఒక మాట చెప్తడట, నిలబడి ఇనుండ్రి, అన్నాడు బావ. నాకు చెప్పినట్టే చెప్పు, ఒక్కటి కూడా ఇడవకు, అని నాతో అన్నాడు.

మొత్తం మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం కష్టంగా ఉంది. సుందరం నా ముఖంలోకి చూస్తుంటే, పందిట్లో వాడు నవ్విన నవ్వు గుర్తుకు వచ్చింది. అయినా ఆపకుండా, చివరికి ఇలా అన్నాను:

"మీ నాయిన పోసిన ఆముదం మంచిదే సుందరం. మీ అమ్మ బొట్టుతోని ఏం కాలేదు. లోపల చమురు పోసింది నేను, అడిగితే లేదన్నది నేను. ఆ పేరు మీ నాయినది కాదు. ఎవరన్న మల్ల గా మాటంటే నా పేరు చెప్పు. బావా, నన్ను మాఫ్ చెయ్యి. నువ్వు కూడ మాఫ్ చెయ్యి బిడ్డా. మీ అమ్మను అడగనీకె నాకు టైం లేకుండ చేసుకున్న."